చాటుగా మెచ్చుకొను చిత్రములు



చదువుకొన్న తెలుగువారు పదిమంది ఒకచోట చేరినపుడు, “మీకు మిక్కిలి నచ్చిన చలనచిత్ర మేది?” అని అడిగి చూడుడు. ఒకరు 1951 నాటి ‘మల్లీశ్వరి’ అందురు. వేరొకరు 1957 నాటి ‘మాయాబజార్’ అందురు. మరియొకరు కొంత ఆలోచించి, 1980లో వచ్చిన ‘శంకరాభరణం’ పేరు చెప్పుదురు. మంచి చిత్రములే, కాదనువారు లేరు. కాని 1978లో వెలువడిన ‘జగన్మోహిని’ని పేర్కొనువా డొక్కడును కానరాడు. ఆ చిత్రము ఘనవిజయము పొందినది గదా! ఎవ్వరును చూడనిచో పెట్టెలు నిండిన ఆ డబ్బెవరిది? ఇట్టి లెక్క కార్యాలయమున కనబడినచో ఆడిటరు వెంటనే ఎఱ్ఱసిరా గీత గీయును. చూచినవా రున్నారు, ఒప్పుకొనువారు లేరు.

ఈ చాటుమాటు ప్రీతికి తెలుగునాట పెట్టినది పేరు బి. విఠలాచార్య. ‘జానపద బ్రహ్మ’ యని పేరొందిన ఈ దర్శకుడు 1920లో ఉడుపిలో జన్మించి, 1999లో దివంగతుడయ్యెను. ఆయన చిత్రములలో అస్థిపంజరములు నడచును, పుఱ్ఱెలు నవ్వును, మాంత్రికుడు చేయి చాచినంతనే రాకుమారుడు చిలుకయై యెగిరిపోవును. వ్యయము విషయమున ఆయన కడు పొదుపరి. కాల్షీట్ల దగ్గర నటుడు బెట్టు చేసినచో, ఆ పాత్రను శాపవశమున మేకగనో చిలుకగనో మార్చి కథ సాగించెడివాడని చిత్రసీమలో ఒక ముచ్చట కలదు. నిజ మెంతయో గాని, చెప్పక సెలవు పెట్టు గుమాస్తా విషయమున ఏ శాఖయు ఇంత చక్కని యుపాయము కనుగొనలేదు.

‘జగన్మోహిని’లో జయమాలిని ధరించిన దయ్యము పాత్ర కట్టెలకు బదులుగా తన కాళ్లనే పొయ్యిలో నుంచి వంట చేయును. ఈ దృశ్యమును గూర్చి విద్యావంతులు పరిహాసముగా మాటలాడుదురు. అయినను నాలుగు దశాబ్దములు గడచినను ఎవ్వరును దానిని మఱవలేదు. ఇంతకంటె గొప్ప పనితనముతో తీసిన దృశ్యములు ఎన్ని మఱపున బడలేదు? దినమంతయు పనిచేసి వచ్చి, మరల పొయ్యి ముందు కూర్చుండు ఇల్లాండ్రకు ఆ దృశ్యము ఉత్త గారడిగ మాత్రమే తోచునా యన్నది సందేహము.

1963వ సంవత్సరమును తీసికొనుడు. ఆ యేడు నందమూరి తారక రామారావు రాముడుగా ‘లవకుశ’ వచ్చినది, బృహన్నలగా ‘నర్తనశాల’ వచ్చినది, విఠలాచార్య తీసిన ‘బందిపోటు’ వచ్చినది. మొదటి రెండింటిని గూర్చి సభలలో ఉపన్యసింతురు. మూడవదానికి స్వరములు కూర్చినవాడు ఘంటసాల. ఆ పాటలు రేడియోలో వచ్చినపుడు ఆనందముగా వినుదురు, కూనిరాగము తీయుదురు. చిత్రము మాట వచ్చినపుడు మాత్రము ముఖము తిప్పుకొందురు. పాటకు లేని మైల చిత్రమున కెట్లు అంటినదో తెలియదు!

అదే విధముగ కాంతారావు. 1923లో నల్లగొండ మండలమున, కోదాడ దాపుననున్న గుడిబండలో ఆయన జన్మించెను. ‘లవకుశ’లో లక్ష్మణుడు, ‘నర్తనశాల’లో శ్రీకృష్ణుడు ఆయనయే. ఆ వేషములలో చూచి చేతులు జోడించిన పెద్దమనుష్యులే, ఆయన కత్తి పట్టి గుఱ్ఱ మెక్కిన చిత్రములకు దీపము లార్పిన పిదప వచ్చి, వెలిగింపకముందే వెడలిపోయెడివారు. 2009లో మరణించువరకు జనులు ఆయనను పిలిచిన పేరు మాత్రము ‘కత్తి కాంతారా’వే.

ఈ మొగమాటము లేని చోటొకటి చూడగోరువారు సూరతు నగరమున లింబాయత్‌ను ఆనుకొనియున్న గోడాదరాకు పోవలెను. నల్లగొండ, వరంగల్లు, కరీంనగరము మొదలగు సీమలనుండి వలసవచ్చిన పద్మశాలీలు ఆ ప్రాంతముల నివసించుచున్నారు. ఆ నగరపు మరమగ్గముల పని పండ్రెండు గంటల వంతులుగా నడచును. పగలొక వంతు, రాత్రి యొక వంతు. వారి నోట మరమగ్గము ‘సాంచె’. సాంచెల రొదలో ప్రక్కవాని మాట వినబడదు. అట్టి వంతు ముగించి వచ్చినవానికి సన్నని సంభాషణలతో, నిట్టూర్పులతో నడచు చిత్రము నచ్చలేదని తప్పు పట్టుట న్యాయము కాదు. కత్తుల చప్పుడు, మాంత్రికుని వికటాట్టహాసము, చివరకు రాకుమారుని గెలుపు వానికి ఇంపుగ నుండును. గుడిబండ బిడ్డ రాజ్యమేలుటయు కొంత సంతోషమే.

అమెరికాలో సుసాన్ సోంటాగ్ అను విదుషి 1964లో ‘క్యాంప్’ అను అభిరుచిని గూర్చి ప్రసిద్ధమైన వ్యాసము వ్రాసినది. అతిశయమును, కృత్రిమమును చూచి ముచ్చటపడుట ఆ అభిరుచి లక్షణము. నగరములలోని యువకులు నేడు విఠలాచార్య చిత్రములను ఈ కంటితోనే చూచి నవ్వుకొనుచున్నారు. సాంచె కార్మికుని చూపు అది కాదు. భరతుడు చెప్పిన అష్టరసములలో అద్భుత మొకటి. ఆతడు దానినే నేరుగా అందుకొనును.

అయితే సిగ్గంతయు వృథా యని చెప్పరాదు. ఈ చిత్రములలో నర్తకి దేహముపై నిలుచు కెమేరా, మఱుగుజ్జులను, కోయలను వెక్కిరించు హాస్యము నిజముగనే సిగ్గుపడదగినవి. వాటి కొఱకు సిగ్గుపడువారు మెచ్చదగినవారు. కాని పెక్కుమంది సిగ్గునకు కారణ మది కాదు; నేల టికెట్టువాడు ఈల వేసిన చోటనే తమకును వేయబుద్ధి యైనదని వారి సంకోచము.

దూరదేశమున ఈ సంకోచమునకు వెల హెచ్చు. సూరతు నగర పాలక సంస్థ తెలుగు మాధ్యమమున గూడ పాఠశాలలు నడపుచున్నది. అయినను వీధిలో, అంగడిలో పిల్లల చెవిని పడునది గుజరాతీయు హిందీయు. ఇంట వినునది ఊరి యాస. ‘మహామంత్రీ’, ‘సాహసింపకుము’, ‘ప్రాణభిక్ష’ వంటి మాటలు పాఠ్యపుస్తకము వెలుపల వారికి దొరకు చోట్లు ఎన్ని? మాంత్రికుని వలె కేకలు వేయుచు ఆడుకొను బాలుడు సంధులతో గూడిన తెలుగును వేడుకగా పలుకుచున్నాడు. తండ్రి అధికారియై, బిడ్డకు నాగరకత నేర్పదలచి ఆ చిత్రమును ఆపివేసినచో, ఆ స్థానమున ‘మల్లీశ్వరి’ వచ్చి కూర్చుండదు. తెలుగు కాని చిత్రమే వచ్చును.

ప్రవాసాంధ్ర సంఘములు ఏటేట చలనచిత్ర ప్రదర్శన మేర్పాటు చేయునపుడు చిత్రమును కార్యవర్గమే ఎన్నుకొనుట వాడుక. సూరతులో గాని, అట్టి వేరొక నగరమున గాని, ఒక యేడు ఆ యెన్నికను గోడాదరావంటి పేటలవారికి విడిచిపెట్టి చూడవచ్చును. వారు ‘బందిపోటు’ అన్నను, ‘జగన్మోహిని’ అన్నను దస్త్రముపై అభ్యంతరము వ్రాయకుండిన చాలును. ఒక్క జాగ్రత్త మాత్ర మవసరము: రాత్రి వంతునకు పోవువారు పతాక సన్నివేశము విడిచి వెళ్లకుండునట్లు, ఆట సాయంకాలము పెందలకడనే మొదలుపెట్టవలెను.