పొగలేని పండుగ – మన పార్కులో బతుకమ్మ

(నల్గొండలో విశ్రాంత ఉద్యోగుల సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈసారి బతుకమ్మ పండుగను మన కాలనీ పార్కులో సంఘం తరఫున జరుపుదామనే ప్రతిపాదన వచ్చినది. ఎట్లా జరపాలనే విషయమై నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు ఆదేశించారు. డీజే పెట్టిద్దామని కొందరు, స్టేజీ వేసి లైట్ల తోరణాలు కట్టిద్దామని కొందరు అంటున్నారు. నేను విద్యుత్ శాఖలో ముప్పై నాలుగేండ్లు పనిచేసి రిటైరైన వాణ్ణి. కరెంటు మీద నాకు కోపం లేదు. నా పిల్లల చదువులు, ఈనాటి నా పింఛను దాని చలువే. అయినా ఈ పండుగకు కరెంటుతో పని చాలా తక్కువ అని మనవి చేయడానికే నిలబడ్డాను.

బతుకమ్మ 2014లో రాష్ట్ర పండుగ అయినది. కాని అది సర్కారు ఉత్తర్వుతో పుట్టిన పండుగ కాదు. చేనుగట్ల మీద పూసిన పువ్వు, ఆడవాళ్ల చప్పట్లు, గొంతు, ఊరి చెరువు – ఈ నాలుగే దాని సరంజామా. భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై దుర్గాష్టమి నాడు సద్దులతో ముగుస్తుంది. పౌష్టికాహారం గురించి ఇప్పుడు డాక్టర్లు చెప్పే మాటలు మన సద్దుల్లో ఏనాడో ఉన్నాయి. నువ్వులు, పల్లీలు, పెసలు, కొబ్బరి, పెరుగు, రొట్టె బెల్లం కలిపిన మలీద. వీటిలో దేనికీ ఫ్యాక్టరీ అక్కరలేదు.

ఇక లెక్కకు వస్తాను. పత్రికలలో కార్బన్ ఉద్గారాలు అని రాస్తున్నారు. మన మాటలో అది పొగ లెక్క. లీటరు డీజిల్ కాలితే సుమారు 2.7 కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. మన దేశంలో ఒక యూనిట్ కరెంటు తయారు కావడానికి సగటున 700 గ్రాములకు అటుఇటుగా వెలువడుతుంది. డీజే జనరేటరు రాత్రికి 20 లీటర్లు తాగుతుందనుకుందాం. అది 54 కిలోలు. 500 వాట్ల హాలోజెన్ దీపాలు పది, నాలుగు గంటలు వెలిగితే 20 యూనిట్లు, అంటే 14 కిలోలు. రాత్రికి 68 కిలోలు. ఎనిమిది రాత్రులకు 540 కిలోలు దాటుతుంది. మన దేశంలో సగటు మనిషి వాటాకు ఏడాదికి సుమారు రెండు టన్నులు వస్తుంది కనుక, ఇది ఒక మనిషి మూడు నెలల బతుకుకు సమానం.

ఇది ప్రపంచం మునిగిపోయేంత లెక్క కాదని నేనే ఒప్పుకుంటాను. కాని ఆ పొగ ఎక్కడో పరదేశంలో లేదు. మన జిల్లాలోనే దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం కట్టారు. సాగర్ టర్బైన్లు నీళ్లున్నప్పుడే తిరుగుతాయి. మిగతా రోజుల్లో మనం మీట నొక్కితే ఎక్కడో ఒక చోట బొగ్గు మండవలసిందే.

అయితే మిత్రులారా, నాకు కిలోల కంటే పెద్ద బాధ మరొకటి ఉన్నది. మా అక్కయ్యకు 84 ఏండ్లు. దేవరకొండ వైపు పల్లెలో పెరిగిన మనిషి. రామాయణం పాట, అత్తగారింటి ఆడబిడ్డ పాట, కరువు పాట – రాత్రంతా పాడినా అయిపోవు. నిరుడు సద్దుల బతుకమ్మ నాడు వేరే కాలనీ పార్కుకు తీసుకుపోయాను. మనిషెత్తు డబ్బాల్లోంచి సినిమా బాణీలు మోగుతున్నాయి. పిల్లలు ఎగురుతున్నారు, సంతోషమే. మా అక్కయ్య మాత్రం చెవులకు కొంగు అడ్డం పెట్టుకొని సిమెంటు బెంచీ మీద కూర్చున్నది. "అక్కా, నువ్వు ఒక పాట అందుకోరాదే" అన్నాను. "ఎవ్వలు ఇనాలె తమ్మీ? నేను ఎత్తుకుంటె తిరిగి అనేటోళ్లు ఉండాలె గద" అన్నది.

ఆ ఒక్క మాటలో పండుగ కిటుకంతా ఉన్నది. బతుకమ్మ పాట ఒకరు పాడితే పదిమంది వినే కచేరీ కాదు. ఒకరు చరణం ఎత్తుకుంటారు, చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొడుతూ "ఉయ్యాలో" అనో "చందమామ" అనో తిరిగి అందుకుంటారు. వంగి లేస్తూ, అడుగు కదుపుతూ, ఎదుటివాళ్ల గొంతు వింటూ నేర్చుకుంటారు. మనుమరాలికి పాట వచ్చే దారి అదొక్కటే. డబ్బా మోగితే ఆ దారి తెగుతుంది. పాట తెలిసిన మనిషి బెంచీ మీదికి పోతుంది, తెలియని పిల్ల డబ్బా ముందు ఎగురుతుంది. అంచేత డీజే వద్దనడం పొగ తగ్గించడానికే కాదు, ఆ బెంచీ మీది మనిషిని వలయం మధ్యకు తీసుకురావడానికి. మన ఇండ్లలో అటువంటి తల్లులు, అక్కలు ఎందరున్నారో మీకే తెలుసు. వారు ఇంకా ఎన్ని బతుకమ్మలకు మనతో ఉంటారో ఎవరమూ చెప్పలేము.

ఇక ఏర్పాట్లు. నేను ఆలోచించినవి మీ ముందుంచుతాను.

మొదటిది పువ్వు. పూలు తేవడం మగవాళ్ల పని, పేర్చడం ఆడవాళ్ల పని అన్నది పాత పద్ధతి. ఉదయం నడకకు పోయే పెన్షనర్లు ఇద్దరిద్దరుగా సంచి పట్టుకొని గట్ల వెంబడి పోదాం. తంగేడు, గునుగు, గుమ్మడి, కట్ల పువ్వు దొరికినంత తెద్దాం. కొమ్మలు విరవకుండా కత్తెరతో కోయాలి, విత్తుకు కొంత వదలాలి. తంగేడు మన రాష్ట్ర పుష్పం. కాని ప్లాట్లు పెరిగి ఊరి చుట్టూ అది కరువైనది. చేలల్లో కలుపు మందు వచ్చి గునుగూ తగ్గింది. తక్కువ నీటితో బతికే చెట్టు, పశువులు ముట్టవు కనుక పార్కు కంచె వెంబడి తంగేడు గింజలు వేద్దాం. బంతి, చామంతి రైతుబజారులో రైతు దగ్గరే కొందాం. గునుగుకు రసాయనపు రంగులు వద్దు, దాని తెలుపు దానికి అందమే.

రెండవది అలంకరణ. థర్మోకోల్ అలంకరణ, ప్లాస్టిక్ గ్లాసులు, చెంచాల వంటి వాటిని కేంద్ర ప్రభుత్వం 2022 జూలై 1 నుండి నిషేధించింది. ఫ్లెక్సీకి బదులు మన ఇండ్ల పెట్టెల్లో ఉన్న పాత పోచంపల్లి చీరలు తెరలుగా కడదాం. ఏ చీర ఎవరి పెండ్లిదో చెప్పుకుంటేనే సగం సాయంత్రం గడుస్తుంది. తినడానికి మోదుగ విస్తరాకులు, తాగడానికి ఎవరి గ్లాసు వారే. సద్దులు ఎవరింటి నుండి వారు స్టీలు డబ్బాల్లో తెస్తారు. షుగరు ఉన్న మిత్రులు మలీద చిన్న ఉండతో సరిపెట్టుకోవాలని మనవి.

మూడవది వెలుతురు. ఎంగిలిపూల నాడు అమావాస్య కనుక దీపం తప్పదు. 50 వాట్ల ఎల్‌ఈడీలు పది చాలు, నాలుగు గంటలకు రెండే యూనిట్లు. సద్దుల నాటికి సగం చంద్రుడు నడిరాత్రి దాకా ఉంటాడు. రాత్రి పది తర్వాత లౌడ్‌స్పీకర్లు వాడరాదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు ఎట్లాగూ చెబుతున్నాయి. మనం తొమ్మిదికే ముగిద్దాం. మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు కుర్చీలు వలయం బయట కాదు, లోపల వేద్దాం. పాట ఎత్తుకునేది వారే గదా.

నాలుగవది ఆరో రోజు. అది అలిగిన బతుకమ్మ, ఆ నాడు పేర్చరు, ఆడరు. ఆ సాయంత్రం పార్కులో వేపచెట్టు కింద చాపలు పరుద్దాం. పెద్దమ్మలు, అమ్మమ్మలు పాటలు చెప్పాలి, పిల్లలు నోటుపుస్తకంలో రాయాలి, సెల్‌ఫోన్‌లో రికార్డు చేయాలి. పాట ఎవరు చెప్పారో, ఏ ఊరిదో పైన రాయాలి. ఆ పుస్తకం సంఘం కార్యాలయంలో ఉంచుదాం.

ఐదవది సాగనంపడం. బతుకమ్మలను వాహనాల్లో వేసుకొని చెరువుకు పోకుండా, పార్కులోనే తొట్టి కట్టి నీళ్లలో విడుద్దాం. పసుపు గౌరమ్మను మాత్రం ఆడవాళ్లు పుస్తెలకు రాసుకోవడానికి తీసుకుంటారు. మరునాడు పూలను వడకట్టి, ఎండుటాకులు, పేడ కలిపి గుంతలో వేస్తే రెండు మూడు నెలల్లో ఎరువు అవుతుంది. అదే తంగేడు మొక్కలకు వేయవచ్చును. మన నల్గొండ వాళ్లకు నీటి విలువ ఒకరు చెప్పనక్కరలేదు. పటిక, సున్నంతో ఫ్లోరైడు తీసే పద్ధతికి మన ఊరి పేరే పెట్టారు. నీళ్లు చెడితే ఏమవుతుందో మన జిల్లా ఎముకలకు తెలుసు.

డీజే లేకపోతే యువకులు రారని ఒక అభ్యంతరం ఉన్నది. నా మనవి ఏమిటంటే, డీజేకు ఇచ్చే డబ్బు డప్పు కళాకారులకు ఇద్దాం. బతుకమ్మలను పార్కుకు తెచ్చేటప్పుడు, సాగనంపేటప్పుడు వారు కొడతారు. మధ్యలో పాటకు చోటు వదులుతారు. మన చుట్టుపక్కల దొరికిన పూలతోనే పేర్చిన బతుకమ్మకు బహుమతి అని పిల్లలకు చెబుదాం. వాళ్లు తంగేడును గుర్తుపట్టడం నేర్చుకుంటే అంతకంటే పెద్ద బహుమతి మనకేముంటుంది!

మనం ఉద్యోగాల్లో ఎన్నో ఫైళ్లు అప్పగించి రిలీవ్ అయినాము. ప్రతిదానికీ చార్జి లిస్టు ఉండేది. ఈ పాటలకు మాత్రం అటువంటి లిస్టు లేదు, మనిషి నుండి మనిషికి అప్పగించవలసిందే. అందుచేత ఈ సంవత్సరం డీజే, జనరేటరు, ప్లాస్టిక్ లేకుండా బతుకమ్మ జరపాలనే తీర్మానాన్ని సభ ముందు ప్రతిపాదిస్తున్నాను. పెద్దలు చర్చించి ఆమోదించవలసినదిగా కోరుతున్నాను.