చిత్రపటంలో అమ్మ

ఆధునిక చిత్రకళ, అంటే కంటికి కనిపించినదాన్ని అచ్చంగా దించడంకన్నా చిత్రకారుడి అనుభూతికి రేఖలోనూ రంగులోనూ రూపమివ్వడమే ముఖ్యమనుకునే కళ, మాతృత్వాన్ని చంకన బిడ్డనెత్తుకున్న తల్లి బొమ్మకే పరిమితం చేయలేదు. 1942లో కరీంనగర్ ప్రాంతపు బూరుగుపల్లిలో జన్మించిన తోట వైకుంఠం గీసిన తెలంగాణ స్త్రీలు నిండైన చామనఛాయ మేనితో, నుదుట పెద్ద బొట్టుతో, ముదురు రంగుల చీరలతో నిలుస్తారు. పక్కన బిడ్డ లేకపోయినా ఆ రూపాలకు మూలం బాల్యంలో చూసిన కన్నతల్లేనని ఆయనే చెప్పారు. పసితనంలోనే తల్లిని పోగొట్టుకుని, ఆమె ముఖమైనా గుర్తులేని ఎం.ఎఫ్. హుస్సేన్ మాత్రం మదర్ థెరిసా చిత్రాల్లో నీలి అంచు తెల్లచీర మడతలను గీసి, ముఖం ఉండవలసినచోట ఖాళీ వదిలారు. ఆ పటాల్లో ఆ ఖాళీయే అన్నిటికన్నా బలమైన భాగం.

శ్రీకాకుళానికి చేరువలోని రాజాం చుట్టుపక్కల వారికి ఈ ఇద్దరికన్నా దగ్గరి చిత్రకారుడు 1921లో శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య. పురాణ స్త్రీలనూ పల్లెపడుచులనూ పత్రికల ద్వారా ఇంటింటికీ చేర్చిన ఆయన ముఖచిత్రాలున్న పాత 'చందమామ' సంచికలు ఏ ఇంట ఉన్నా, వాటిని తూకానికి అమ్మకుండా దాచుకోవాలని మనవి.