పసుపు రైతుల వోటు
(ఆర్మూరు రైతు సభలో నొక న్యాయవాది చేసిన యుపన్యాసము)



అమెరికాలోని కొన్ని రాష్ట్రములలో శాసన ప్రతిపాదనలపై ప్రజలే నేరుగా వోటు చెప్పు పద్ధతి కలదు. మనకట్టిది లేదు. 2005 నాటి ప్రత్యేక ఆర్థిక మండలుల చట్టము ప్రకారము ఎగుమతి వర్తకమునకై యొక ప్రదేశమును సుంకముల పరిధికి వెలుపలిదిగా నెంచవచ్చును. కాని యచ్చటి ప్రజల వోటు గైకొనవలెనను నిబంధన యందు లేదు. భూమి గ్రామములో, అనుమతి ఢిల్లీలో!

అయినను మన పసుపు రైతులు సామాన్యపు టెన్నికనే ప్రజాభిప్రాయ సేకరణముగా మార్చిరి. 2019 ఫిబ్రవరిలో వారు పసుపునకు క్వింటాలుకు 15,000, ఎర్రజొన్నకు 3,500 రూపాయల ధర గోరి యీ పట్టణపు రహదారిపై గూర్చుండిరి. ఆ కోరిక తీరలేదు. ఏప్రిల్ 11న జరిగిన లోక్‌సభ యెన్నికలో నిజామాబాదు స్థానమునకు నిలిచిన 185 మందిలో 178 మంది రైతులే! ఒక్కొక్క పోలింగు కేంద్రమున 12 బ్యాలెట్ యూనిట్ల నమర్చవలసి వచ్చెను. ఆ రైతులలో నొక్కరును గెలువలేదు. కాని పసుపు బోర్డు మాట దేశమంతట వినబడెను. 2023 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము జాతీయ పసుపు బోర్డును ప్రకటించెను. 2025 జనవరి 14న నది ప్రారంభమయ్యెను. జూన్ 29న నిజామాబాదున దాని ప్రధాన కార్యాలయము తెరువబడెను.

ఇది విజయమే. కాని బోర్డు వేఱు, ధర వేఱు. కేంద్రము కనీస మద్దతు ధర ప్రకటించు పంటలలో పసుపు లేదు. ప్రపంచమున బండు పసుపులో నూటికి డెబ్బది పాళ్లకు మించి మన దేశముదే. 2022-23లో 11.61 లక్షల టన్నులు పండగా, విదేశములకు బోయినది 1.53 లక్షల టన్నులు. తొమ్మిది నెలలు పెంచి, త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టిన కొమ్ములను మన రైతు మంచి ధరకై మహారాష్ట్రమందలి సాంగ్లీ వఱకు లారీ కిరాయి పెట్టుకొని కొనిపోవుచున్నాడు. పండించిన చోట ధర లేకుండుట యే వర్తక నీతి?

కావున మనము కోరదగినవి మూడు: మార్కెటు చెంతనే కుర్కుమిన్ శాతమును, పురుగుమందుల యవశేషములను తేల్చు పరీక్షాశాల, ధర పడినపుడు సరకు నిలిపి దానిపై నప్పు పొందగల గిడ్డంగి, రైతు సంఘములే నేరుగా నెగుమతి చేయుటకు వలయు శిక్షణము. పరీక్షాపత్రము చేతనున్న రైతు బేరమాడగలడు; లేనివాడు అడితిదారు చెప్పిన ధరకు దల యూపును. ఈ మూడును లేనిచో నెట్టి మండలి వచ్చినను లాభము వర్తకునిదే.

ప్రతి గ్రామసభయు వీనిని దీర్మానించి బోర్డునకు బంపవలెను. నామినేషన్లు వేయుటకు 178 మంది ముందునకు వచ్చిన జిల్లాలో తీర్మానములు వ్రాయుటకు మనుష్యులు దొరకరా?

జై హింద్!