తోటా తుపాకి: ఇంటిలో చేయదగిన పని, చేయరాని పని
(ప్రసంగ పాఠము)



అమీర్‌పేట, పంజగుట్టలలో కాపురముండి, సొంత ఊళ్ళో సేద్యము చేయించువారు మీలో అనేకులు ఉన్నారు. కొందరి ఇండ్లలో తండ్రుల కాలమునాటి 12 బోరు తుపాకి లైసెన్సుతో సహా ఉండును. నూనె ఇంజను విప్పి బిగించిన చేతికి ఇది ఒక లెక్కా అని తోచుట సహజమే. కాని ఇంజను చెడిన ఆగిపోవును. తుపాకి చెడిన చేతిలో పేలును. ట్రాక్టరు వెనుక టైరులో గాలి చదరపు అంగుళమునకు ఇంచుమించు 15 పౌన్లు. తోటా పేలిన క్షణమున గొట్టములో ఒత్తిడి 10,000 పౌన్లు దాటవచ్చును. కాబట్టి మన పని ఎక్కడ ముగియునో ముందు తెలిసికొనవలెను.

మధ్యకు మడుచు తుపాకి మూడు భాగములుగా విడిపోవును: గొట్టములు, ముందు కర్ర, యంత్రముతో కూడిన వెనుక కర్ర. ఈ మూడింటిని విడదీసి శుభ్రపరచుట మీ పని. దీనికి పనిముట్లు అక్కరలేదు.

మొదట తుపాకి మడిచి రెండు గదులును ఖాళీగా ఉన్నవని కంటితో చూచి, వ్రేలితో తడిమి చూడవలెను. తోటాలను వేరొక గదిలో పెట్టి తాళము వేయవలెను. తరువాత ముందు కర్ర ఊడదీసి, పైమీట నొక్కి గొట్టములను వంచి పైకెత్తిన ఊడివచ్చును. కర్రపుల్లకు మెత్తని గుడ్డ చుట్టి, తోటా పెట్టు వైపునుండి మూతివైపునకు నెట్టవలెను. మసి పోవువరకు గుడ్డ మార్చుచుండవలెను. ఆ పిమ్మట పలుచగా తుపాకి నూనె పూయవలెను. బందు ఉన్నచోట గోరంత గ్రీజు చాలును. నూనె ఎక్కువైన యంత్రములోనికి దిగి, కర్రను నానబెట్టి మెత్తపరచును. వానకాలమున ఈ పని నెలకొకసారి చేసిన తుప్పు పట్టదు.

భాగములు విడిగా ఉన్నప్పుడే నాలుగు పరీక్షలు చేయుడు.

ఒకటి: గొట్టమును వెలుతురు వైపు పట్టి చూడుడు. లోపలి నీడల వలయములు గుండ్రముగా ఉండవలెను. ఎక్కడైన వంకర కనబడిన అక్కడ సొట్టయో, ఉబ్బో ఉన్నది.

రెండు: జంట గొట్టములను క్రింది కొక్కెముతో వ్రేలాడదీసి గోటితో మీటుడు. కొత్తకుండవలె ఖంగుమనవలెను. బొంగురుగా పలికిన అతుకు వదలినదని అర్థము.

మూడు: ముందు కర్ర లేకుండ గొట్టములు తగిలించి మూసి ఊపుడు. గలగలలాడిన బందు అరిగినది.

నాలుగు: గొట్టముపై ముద్రలు చూడుడు. పాత తుపాకులలో కొన్ని నల్లమందుకే పరీక్షింపబడినవి. కొన్నింటి గది 65 మిల్లీమీటర్ల తోటాకే సరిపోవును. వానిలో నేటి 70 మిల్లీమీటర్ల తోటా వాడరాదు.

ఇంకొక ప్రమాదము కలదు. 20 బోరు తోటా పొరపాటున 12 బోరులో పడిన జారి, గది దాటి ఇరుక్కొనును. చూపునకు గది ఖాళీ. దాని వెనుక 12 బోరు తోటా పెట్టి పేల్చిన గొట్టము చీలిపోవును. అందుచేతనే 20 బోరు తోటాలకు పసుపు రంగు వేయుట వాడుక అయినది.

ఇక్కడితో మీ పని ముగిసినది. వెనుక కర్రలోని మరలకు స్క్రూడ్రైవరు తగిలింపరాదు. లోపల గుర్రమును పట్టి ఆపు చిన్న గంటు ఉన్నది. దానిని ఆకురాయితో రవ్వంత అరగదీసినను, మీట నొక్కకుండగనే, తుపాకి మూసినంతనే పేలవచ్చును. అపార్టుమెంటులో ఆ గోడకు ఆవల పొరుగింటి పిల్లలు చదువుకొనుచుందురు. సొట్ట తీయుట, బందు బిగించుట, సూది మార్చుట కూడ పనివాని వంతే.

చట్టము కూడ ఇదే చెప్పుచున్నది. 1959 ఆయుధముల చట్టము 5వ సెక్షను ప్రకారము మరమ్మతునకు వేరే లైసెన్సు కావలెను. తుపాకి ఉంచుకొను లైసెన్సు చాలదు. 2019 సవరణతో ఈ నేరమునకు కనీస శిక్ష 7 సంవత్సరములైనది. అయితే అదే చట్టము ఒక సౌకర్యము కలిగించినది: మీరు ముసలివారైనచో, మీ వ్రాతపూర్వకమైన అనుమతితో మరొకరు తుపాకిని మరమ్మతునకు తీసికొని పోవచ్చును. లైసెన్సు వెంట ఉండవలెను, తుపాకి ఖాళీగా, విడదీసి, సంచిలో ఉండవలెను. స్టేషను దగ్గరనే ఉన్నదని మెట్రోలో ఎక్కరాదు.

మరొక మాట. అడవి పంది పంట నాశనము చేయుట నిజమే. కాని 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము దానికి వర్తించును. తుపాకి లైసెన్సు కాల్చుటకు అనుమతి కాదు. ఆ అనుమతి వేరుగా పొందవలెను.

పరీక్షలో ఒక్కటి తప్పినను తుపాకిని తిరిగి పెట్టెలో పెట్టి, లైసెన్సుగల పనివానికి చూపుడు. బాగు చేయుటకు వీలులేదని ఆయన చెప్పిన, తండ్రిగారి జ్ఞాపకమని మరల పేల్చి చూడవలదు. పోలీసు అధికారులకు తెలిపి, నియమము ప్రకారము అప్పగింపుడు. పంట ఒక కారు పోయిన మరుసటి కారు వచ్చును. చేయి పోయిన రాదు.