మూఁడు పద్దులు – ఒక ఖైదీ



ప్రభుత్వముయొక్క మనస్సు తెలియవలెనన్న దాని ఆయవ్యయపట్టికను చదువవలెను. అందును, ఓటువేయు నధికారము సైతము లేని ఖైదీలకై యేమి కేటాయింపఁబడినదో చూడవలెను.

మన ప్రాచీనులు దీని నెఱుఁగనివారు కారు. కోశగృహము, ఆయుధాగారము మున్నగువానితోపాటు బంధనాగారమును గూడ నిర్మింపవలసిన భారమును కౌటిల్యుఁడు తన యర్థశాస్త్రమున సన్నిధాతపై నుంచెను. సన్నిధాత యనఁగా బొక్కసపుటధికారి. బాలురను, వృద్ధులను, రోగులను, అనాథలను రాజు జన్మనక్షత్రమునాఁడును, పౌర్ణమినాఁడును విడువవలెననియు నాతఁడు విధించెను.

నేఁడు చెఱసాలలు రాష్ట్రప్రభుత్వముల యధీనములు. రాష్ట్రపు బడ్జెటులో న్యాయపరిపాలనకు 2014, కారాగారములకు 2056, వైద్యమునకు 2210 అను పద్దుసంఖ్యలు కలవు. పుస్తకమున నివి వేర్వేఱు పుటలు. ఖైదీ బ్రతుకున నివి యొక్కటియే. న్యాయాధిపతి యుద్యోగమును నింపక మొదటిపద్దున మిగిల్చిన సొమ్ము, విచారణ తెమలని ఖైదీ తిండికై రెండవపద్దున వ్యయమగును. వైద్యుని నియమింపక మిగిల్చినది, రోగము ముదిరిన పిమ్మట మూఁడవపద్దున మఱింత యగును. ఇది పొదుపు కాదు. చూరు కప్పింపక మిగిల్చిన ధనముతో కూలిన గోడలు కట్టించుకొనుట.

2022 డిసెంబరు 31 నాఁటికి దేశమునందలి చెఱసాలలలో 4,36,266 మందికి చోటుండఁగా 5,73,220 మంది యుండిరి. వారిలో 4,34,302 మంది, అనఁగా నలువురిలో మువ్వురు, నేరము ఋజువుకాని విచారణఖైదీలు. శిక్షపడినవాఁ డొక్కఁడును లేకున్నను చెఱసాలలు దాదాపు నిండియే యుండెడివి!

అట్టి యిఱుకున, రేపేమగునో తెలియని వాని మనస్సు చెదరుట వింత కాదు. అస్సాములో 1951 లో నిర్బంధింపఁబడిన యొక గిరిజనుఁడు తేజపురపు మానసిక వైద్యాలయమునకుఁ బంపఁబడెను. స్వస్థుఁడయ్యెనని వైద్యులు తెలిపిన పిమ్మటను విడుదల కాక, విచారణయే లేక, 2005 వఱకు బంధనమున నుండెను. ఏఁబదినాలుగేండ్లు! అతని కాగితమును సకాలమున న్యాయస్థానమునకుఁ జేర్చు గుమాస్తా జీత మెంత? పోయిన యౌవనమున కే పద్దునుండి పరిహార మీయఁగలము?

నేరము చేయని మనోరోగులను చెఱసాలలోఁ బెట్టుట చట్టవిరుద్ధమని సుప్రీముకోర్టు 1993 లోఁ దీర్పు చెప్పెను. ప్రతి రాష్ట్రమునందును కనీస మొక చెఱసాల వైద్యవిభాగమున మానసిక చికిత్సాలయ ముండవలెనని 2017 నాఁటి మానసికారోగ్య సంరక్షణచట్టము శాసించుచున్నది. కాని చట్టము వ్రాసినంతనే వైద్యుఁడు రాఁడు. వాని జీతమును బడ్జెటులో వ్రాయవలెను, వ్రాసినదానిని వ్యయపఱుపవలెను.

కావున శాసనసభలో పద్దులపైఁ జర్చ జరుగు దినములలో మీ ప్రతినిధుల నడుగుఁడు: న్యాయాధిపతుల, చెఱసాల వైద్యుల యుద్యోగము లెన్ని ఖాళీగా నున్నవి? మంజూరైన సొమ్ములో నెంత వ్యయమైనది? విచారణ తెమలక యెంద ఱెన్నాళ్లుగా నున్నారు?

శిక్షించు నధికారము గల ప్రభుత్వమునకు, తీర్పును మించి యొక్కదినమైనను బాధింపకుండవలసిన బాధ్యతయుఁ గలదు. ఆ బాధ్యతకు వెల కలదు. దానిని చెల్లింపవలసినవారము మనమే.