నదీజలాల వెలుగు: యజమాని ఎవరు, పన్ను ఎవరికి?

(బడ్జ్ బడ్జ్‌లో తెలుగు విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హుగ్లీ తీరంలోని ఈ బడ్జ్ బడ్జ్ పట్టణం తెలుగువారికి కొత్తది కాదు. గంజాం, శ్రీకాకుళం ప్రాంతాల నుండి వచ్చిన మన పెద్దలెందరో ఈ తీరపు జూట్ మిల్లులలో చెమటోడ్చినారు. పక్కనే పూజాలీలో 750 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్నది. దాని మొదటి యూనిట్ 1997లో పని ప్రారంభించినది. దాని యాజమాన్య సంస్థ సి.ఇ.ఎస్.సి. అంతకు నూరేళ్ళ ముందు, 1897లో, లండన్‌లో రిజిస్టరయిన కంపెనీగా పుట్టినది. బొగ్గుతో నడిచే ఇటువంటి కేంద్రానికి యజమాని ఎవరంటే జవాబు సులభం: బొగ్గు కొని, యంత్రం నిలిపినవారే. కాని బడ్జ్ బడ్జ్‌కు దిగువన ఇదే హుగ్లీలో కలిసే దామోదర నది విషయంలో ఆ జవాబు చాలదు. ఆనకట్టకు యజమాని ఉండవచ్చును. ఏటికి యజమాని ఎవరు?

1943 నాటి దామోదర వరద బెంగాలును అతలాకుతలం చేసినది. అమెరికాలోని టెన్నెసీ లోయ సంస్థను ఆదర్శంగా తీసుకొని 1948లో దామోదర్ లోయ కార్పొరేషన్‌ను చట్టం ద్వారా నెలకొల్పినారు. ఇది ఏ ఒక్కరి సొత్తూ కాదు. కేంద్రం, బీహార్, పశ్చిమ బెంగాల్ ఇందులో భాగస్వాములు. 2000 తరువాత బీహార్ స్థానంలో ఝార్ఖండ్ వచ్చినది. తిలయ్యా 1953లో, కోనార్ 1955లో, మైథాన్ 1957లో, పాంచేత్ 1959లో పూర్తయినవి. జలాశయాల క్రింద మునిగిన భూమిలో అధిక భాగం ఎగువన, నేటి ఝార్ఖండ్‌లో ఉన్నది. వరద రక్షణ, సాగునీరు ముఖ్యంగా దిగువ బెంగాలుకు దక్కినవి. భూమి ఒకరిది, ఫలం మరొకరిది అయినప్పుడు ఆ లెక్కను సరిచేయవలసినది పన్ను.

ఈ సంగతి మన రాజ్యాంగ నిర్మాతలు గుర్తించినారు. విద్యుత్ వినియోగంపై, అమ్మకంపై పన్ను వేసే అధికారం రాష్ట్రాలది. అయితే అంతర్రాష్ట్ర నదుల అభివృద్ధికై పార్లమెంటు చట్టంతో ఏర్పడిన సంస్థల నీటిపై, విద్యుత్తుపై రాష్ట్రం పన్ను విధించాలంటే, 288వ అధికరణం ప్రకారం ఆ శాసనానికి రాష్ట్రపతి ఆమోదం కావలెను. ఏటి ఒడ్డున ఉన్న ప్రతి రాష్ట్రమూ తన ఇష్టం వచ్చినట్లు సుంకం వేస్తే ఉమ్మడి కాపురం నిలువదు గదా! ఇక ఆదాయపు పన్ను విషయంలో ఈ కార్పొరేషన్ సాధారణ కంపెనీ వలెనే కేంద్రానికి చెల్లించవలెనని 1948 చట్టమే చెప్పినది.

మరి మునిగిన ఊరి మాట ఏమిటి? ఆదర్శంగా తీసుకున్న టెన్నెసీ సంస్థనే చూడండి. అది పన్ను కట్టదు. దానికి బదులుగా, ఫెడరల్ ప్రభుత్వ సంస్థలకు అమ్మినది మినహాయించి, విద్యుత్ రాబడిలో 5 శాతాన్ని రాష్ట్రాలకు, స్థానిక సంస్థలకు చెల్లిస్తున్నది. మన దేశంలో జలవిద్యుత్ ప్రాజెక్టులు తాము నెలకొన్న రాష్ట్రానికి 12 శాతం విద్యుత్తును ఉచితంగా ఇచ్చే పద్ధతి ఏర్పడినది. 2008 నాటి జలవిద్యుత్ విధానం స్థానిక ప్రాంతాభివృద్ధికై మరొక 1 శాతాన్ని చేర్చినది. ఇది చాలదని భావించిన హిమాచల్ ప్రదేశ్ 2023లో జలవిద్యుత్ కేంద్రాలు వాడే నీటిపై సెస్సు విధించినది. అది పేరుకు నీటిపై పన్ను అయినా, నిజానికి విద్యుదుత్పత్తిపై పన్నేనని కేంద్రమూ, కంపెనీలూ వాదించినవి. 2024 మార్చిలో ఆ రాష్ట్ర హైకోర్టు ఆ చట్టం చెల్లదని తీర్పు చెప్పినది.

మన ఇంటి ఉదాహరణ మాచ్‌ఖండ్. 1955లో ఉత్పత్తి ప్రారంభించిన ఈ కేంద్రం ఆంధ్ర, ఒడిశాల ఉమ్మడి ఆస్తి. రెండు ప్రభుత్వాలు కరెంటును పంచుకున్నవి. జలాపుట్ జలాశయానికి భూములిచ్చిన కొండ గ్రామాలవారు మాత్రం ఆ పంపకపు పత్రంలో భాగస్వాములు కారు. యజమాని కంపెనీ అయినా, కార్పొరేషన్ అయినా, ప్రభుత్వమే అయినా వారికి కలిగే లోటు ఒక్కటే. కనుక యాజమాన్యం ఎవరిదన్న వాదంతోనే మనం ఆగిపోరాదు. రాబడిలో ఒక పాలు చట్టం ప్రకారం, ఏటేటా, ఆ పంచాయతీకే చేరుతున్నదా అన్నది అసలు ప్రశ్న.

అనువాదకునిగా ఒక్క మాట మనవి చేస్తాను. తెలుగులో యజమాని అంటే సొంతదారు. హిందీలో 'యజమాన్' అంటే నేటికీ యజ్ఞం చేయించి దక్షిణ ఇచ్చేవాడు. మూలం ఒకే సంస్కృత పదం. ఈ రెండర్థాలూ కలిసినప్పుడే నది విషయంలో న్యాయం జరుగుతుంది. ఆనకట్టకు సొంతదారైనవాడు దక్షిణ చెల్లించవలసినవాడు కూడా. ఆ దక్షిణ రాజధానిలో ఆగిపోక, నీట మునిగిన ఊరి బడికి, బాటకు, దీపానికి చేరవలెను. ఎగువవారు, దిగువవారు ఒకే దేశపు బిడ్డలని మాటలతో గాక, లెక్కల పుస్తకంలో చూపగలిగిననాడే మన సమైక్యత సార్థకమవుతుంది.