పామిడిలో సంగటి వేళ

పెన్న ఒడ్డున, 44వ నంబరు జాతీయ రహదారి పక్కనున్న పామిడిలో, బట్టల బేరం ముగించుకుని మధ్యాహ్నం హోటలుకు వెళ్తే కూర్చోవడానికి చోటుండదు. లారీ డ్రైవర్లు, రైతులు, బట్టల మూటలతో వచ్చినవాళ్లు, అందరికీ కావలసింది రాగి సంగటి, నాటుకోడి పులుసు.

మెత్తగా ఉడికిన అన్నంపై రాగిపిండి పోసి, మూతపెట్టి మగ్గనిచ్చి, కట్టెతో గట్టిగా గెలకాలి. ఉండ కట్టకుండా గెలకడంలోనే ఉంది పనితనమంతా! తడిచేత్తో ముద్ద చేసి, నడుమ గుంట చేసి నెయ్యి వేస్తారు. నమలకూడదు, పులుసులో ముంచి మింగాలి.

ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన దాటడమే గగనమైన ఈ నేలలో రాగి, జొన్న, కొర్రలే తాతలను బతికించాయి. ఆ ముద్ద కోసం ఇంతమంది నిలబడి ఎదురుచూస్తుంటే నాకు కడుపు నిండినట్టుంటుంది.